ఆగస్టులో ఆగిపోయే లెక్క

(రేడియో ప్రసంగ పాఠం)



ఈ వారం నేను మాట్లాడబోయేది సున్న గురించి. సున్నని కనిపెట్టింది మనవాళ్ళే అని మొదలుపెడతానేమోనని భయపడకండి. ఆ ప్రసంగం మన సంఘాల సభల్లో మీరు ఇప్పటికే నాలుగైదు సార్లు వినే ఉంటారు. నేను చెప్పేది సంఖ్యకి ముందు నిలబడే సున్న సంగతి. వెనకాల సున్న పెడితే విలువ పదింతలవుతుందనీ, ముందు పెడితే ఏమీ కాదనీ చిన్నప్పుడు మన పంతుళ్ళు చెప్పారు. కాగితం మీద అది నిజమే. యూనిక్స్, లైనక్స్ మెషీన్ల మీద రాసే షెల్ స్క్రిప్టుల్లో మాత్రం నిజం కాదు. షెల్ స్క్రిప్టు అంటే, ఈ రంగంలో లేని శ్రోతల కోసం చెబుతున్నాను, మనిషి రోజూ కూర్చుని కొట్టాల్సిన కమాండ్లన్నీ ఒక ఫైల్లో వరసగా రాసిపెట్టుకోవడం. రాత్రిపూట మనం నిద్రపోతుంటే మెషీను ఆ ఫైలు చదువుకుంటూ పని చేసేస్తుంది.

చరిత్రలోకి వెళ్ళేముందు ఒక చిన్న సంగతి చెప్పాలి.

2003 జులై చివర్లో, న్యూజెర్సీలో నేను పనిచేస్తున్న ఆఫీసుకి గుంటూరు వైపు కుర్రాడొకడు కాంట్రాక్టు మీద వచ్చాడు. డాట్ కామ్ కంపెనీలు మునిగిపోయిన తర్వాతి రోజులు. అంతకుముందు నాలుగు నెలలు బెంచి మీద ఉన్నాడు. అంటే ఏ ప్రాజెక్టూ లేకుండా, ఎడిసన్ లో ఒక గెస్ట్ హౌస్ లో మరో ఆరుగురితో కలిసి, పప్పూ అన్నం వండుకుంటూ ఫోన్ కోసం ఎదురుచూడడం. ఎచ్ వన్ వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే ఇప్పుడు 60 రోజుల దాకా గడువు ఉంది. ఆ నిబంధన వచ్చింది 2017లో. 2003లో అది కూడా లేదు. కాబట్టి ఈ ప్రాజెక్టు నిలబడడం అతనికి ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

అతనికి అప్పగించిన పనుల్లో, ప్రతి నెలా ఒకటో తారీఖు అర్ధరాత్రి నడిచే ఒక చిన్న స్క్రిప్టు ఉంది. అది ఈ నెల సంఖ్య తీసుకుని, అందులోంచి ఒకటి తీసేసి, పోయిన నెల రిపోర్టులన్నీ మూటకట్టి భద్రం చెయ్యాలి. ఆగస్టు 1, శుక్రవారం పొద్దున వచ్చి చూస్తే మూట లేదు. లాగ్ ఫైల్లో ఒక్క వాక్యం: "08: వాల్యూ టూ గ్రేట్ ఫర్ బేస్". బేస్ అన్న మాట చూసి మా మేనేజరు డేటాబేస్ అనుకున్నాడు. డేటాబేస్ వాళ్ళని పిలిపించారు. వాళ్ళు మధ్యాహ్నం దాకా వెతికి, మా వైపు తప్పేమీ లేదని చెప్పి వెళ్ళిపోయారు. ఇక మిగిలింది కొత్తగా వచ్చినవాడు. ఆర్నెల్లుగా నడుస్తున్నది నువ్వొచ్చిన వారానికి ఆగిపోయింది, ఏం మార్చావు అని అడిగారు. సాయంత్రం పార్కింగ్ లాట్ లో నా దగ్గరికొచ్చి, "అన్నా, ఒట్టు. ఆ ఫైలు నేను తెరవను కూడా తెరవలేదు" అన్నాడు.

అతను చెప్పింది అక్షరాలా నిజం. ఆ తప్పుకి అప్పటికే ముప్ఫై ఏళ్ళ పైచిలుకు వయసు. అది పుట్టిన ఊరు కూడా ఎక్కడో లేదు, న్యూజెర్సీలోనే ఉంది.

ఆ ఊరికి వెళ్ళేముందు ఒకసారి మన ఊరికి వెళ్ళొద్దాం. మీలో కాస్త పెద్ద వయసు వాళ్ళకి కుంచాలు, తవ్వలు, గిద్దలు గుర్తుండే ఉంటాయి. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ. అంటే ఎనిమిది గిద్దలు ఒక తవ్వ. రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. అంటే ఎనిమిది తవ్వలు ఒక కుంచం. మధ్యలో సోలనీ మానికనీ పక్కన పెట్టేసి, పుస్తకంలో మూడు గళ్ళు గీసి, కుంచాలకొకటి, తవ్వలకొకటి, గిద్దలకొకటి కేటాయించామనుకోండి. పది గిద్దల బియ్యం ఎలా రాస్తాం? కుంచాలు 0, తవ్వ 1, గిద్దలు 2. ఏ గడిలోనూ 8 గానీ 9 గానీ రానే రాదు. గిద్దలు ఎనిమిది అయ్యేసరికి అవి తవ్వై పక్క గడిలోకి పోతాయి. ఇదే కంప్యూటరు వాళ్ళు చెప్పే ఆక్టల్, ఎనిమిదుల లెక్క. మన నాయనమ్మలు ఆ పేరు తెలియకుండానే ఆక్టల్ లో బియ్యం కొలిచారు. ఆ లెక్కలో "10" అని రాస్తే తవ్వ, అంటే మన మామూలు లెక్కలో ఎనిమిది. ఇక్కడ "08" అని రాస్తే చదివేవాడు తికమకపడతాడు. ఎనిమిది గిద్దలుంటే తవ్వ అని రాయొచ్చుగా, గిద్దల గడిలో 8 ఎందుకు వేశావు అంటాడు. "వాల్యూ టూ గ్రేట్ ఫర్ బేస్" అని షెల్ అన్నది సరిగ్గా ఈ మాటే. ఈ గడిలో పట్టే అంకె కాదిది అని.

అయితే షెల్ కి ఎనిమిదుల లెక్క ఎందుకొచ్చింది?

1969లో మర్రీ హిల్ లోని బెల్ ల్యాబ్స్ లో కెన్ థాంప్సన్ యూనిక్స్ మొదటి రూపాన్ని పీడీపీ-7 అనే మెషీన్ మీద రాశాడు. ఆ మెషీన్ లో ఒక్కొక్క మాటకి 18 బిట్లు. బిట్టు అంటే సున్న గానీ ఒకటి గానీ. పద్దెనిమిది సున్నలూ ఒకట్లూ వరసగా పెడితే మనిషి కళ్ళు తిరుగుతాయి. వాటిని మూడేసి చొప్పున విడగొడితే ఆరు గుంపులొస్తాయి. మూడు బిట్లతో 0 నుంచి 7 దాకా సరిగ్గా ఎనిమిది విలువలు రాయొచ్చు. అలా 18 బిట్ల మాట ఆరంకెల ఆక్టల్ సంఖ్యలో సుఖంగా ఇమిడిపోతుంది. ఆ కాలపు డిజిటల్ కంపెనీ మెషీన్ల వాళ్ళంతా ఎనిమిదుల లెక్కలోనే మాట్లాడుకునేవారు. తర్వాత 1970లో వాళ్ళకి పీడీపీ-11 వచ్చింది. అందులో మాటకి 16 బిట్లు, మూడుతో భాగించబడదు. అయినా ఆ మెషీన్ లో రిజిస్టర్లు ఎనిమిది, చిరునామా చెప్పే పద్ధతులు ఎనిమిది, కాబట్టి ఆదేశాల్ని ఆక్టల్ లో రాస్తే ఏ భాగం ఏమిటో చూడగానే తెలిసిపోయేది. ఆక్టల్ అలవాటు ఇంకా గట్టిపడింది. యూనిక్స్ తొలినాటి అసెంబ్లర్ లోనైతే మామూలుగా రాసిన సంఖ్యే ఆక్టల్. దశాంశంలో, అంటే మన పదుల లెక్కలో కావాలంటే చివర చుక్క పెట్టాలి. మీరు ఇప్పటికీ ఫైళ్ళకి అనుమతులిచ్చేటప్పుడు 755 అనీ 644 అనీ కొడతారు చూడండి, అది ఆ ఇంటి ఆనవాలే. చదవడం, రాయడం, నడపడం, మూడు బిట్లు ఒక అంకె.

థాంప్సన్ ఆ మెషీన్ల కోసం బీ అనే భాష తయారుచేశాడు. అందులోంచే డెన్నిస్ రిచీ సీ భాషని తీశాడు. బీ భాషలో మామూలు సంఖ్య దశాంశం. మరి ఆక్టల్ అని చెప్పడానికి ఏదో ఒక గుర్తు కావాలి కదా. ముందు సున్న పెట్టారు. లెక్కల్లో ముందు సున్నకి పనేమీ లేదు, ఖాళీగా ఉంది, దాన్ని వాడుకున్నారు. అప్పటి టెలిటైపు కీబోర్డు మీద వేళ్ళు విరిగేలా కొట్టాల్సి వచ్చే మనుషులకి ఒక్క అక్షరంతో పని జరిగిపోవడం పెద్ద సుఖమే.

ఇక్కడొక తమాషా ఉంది. 1972 నాటి బీ భాష మాన్యువల్ ప్రకారం 09 అని రాయడం తప్పు కాదు. దాన్ని ఆక్టల్ 011గా, అంటే మన తొమ్మిదిగా, తీసుకుంటారు. 1978లో కెర్నిగాన్, రిచీ రాసిన సీ పుస్తకం మొదటి ముద్రణలో కూడా ఆక్టల్ సంఖ్యలో 8, 9 అంకెలు చెల్లుబాటే. గిద్దల గడిలో ఎనిమిది వేసినా పరవాలేదు, నేను తవ్వ చేసుకుంటాలే అన్నట్టు. 1989లో సీ భాషకి అమెరికన్ ప్రమాణం వచ్చినప్పుడు ఆ ఉదారత తీసేశారు. అప్పట్నించి 08, 09 తప్పులు. ఆ పాత పద్ధతే ఉండి ఉంటే మా కుర్రాడి ఆగస్టు చల్లగా గడిచిపోయేది. 08 అంటే ఎనిమిదే వచ్చేది, 09 అంటే తొమ్మిదే. అక్టోబరుకి ముందు సున్న ఉండదు. నెలల లెక్క జన్మలో తప్పేది కాదు. ఇది విని పాత పద్ధతే మంచిదంటారేమో. నేననను. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

ఇప్పుడు ఇంకో ఊరి సున్న. మర్రీ హిల్ కంటే ఎంతో ముందునించీ లెక్కల గుమాస్తాలు సంఖ్యకి ముందు సున్నలు పెడుతూనే ఉన్నారు, వాళ్ళ కారణం వేరు. 1928లో ఐబీఎం 80 నిలువు వరసల పంచ్ కార్డు తెచ్చింది. అందులో జీతానికి ఐదు గళ్ళు కేటాయిస్తే 450 డాలర్లని 00450 అని ఐదు గళ్ళూ నింపి రాయడం అలవాటు. తర్వాత కోబాల్ లో రాసిన రికార్డుల్లోనూ అంతే. హాల్ టికెట్ నంబర్లూ అంతే. ఇక ఫైళ్ళ పేర్ల సంగతి మీ అందరికీ తెలుసు. పాటలకి 1 నుంచి 12 దాకా నంబర్లు పెడితే కంప్యూటరు 1, 10, 11, 12, 2, 3 అని పేరుస్తుంది. నిఘంటువులో మాటలు పేర్చినట్టు, ఎడమనించి ఒక్కో అక్షరం చూసుకుంటూ పోతుంది మరి. 01, 02 అని పెడితే బుద్ధిగా వరసలో నిలబడతాయి. 1988లో వచ్చిన ఐఎస్ఓ 8601 ప్రమాణం కూడా తేదీని 2003-08-01 అని, సున్నలతో సహా రాయమంటుంది. యూనిక్స్ లో తేదీ చెప్పే డేట్ కమాండు కూడా నెలని రెండంకెల్లోనే ఇస్తుంది.

అంటే గుమాస్తాకి ముందు సున్న వెడల్పు కోసం, విలువ మారదు. మర్రీ హిల్ వాళ్ళకి అది లెక్క మారిందని చెప్పే జెండా. ఇద్దరూ ఎవరి దారిన వాళ్ళుంటే గొడవే లేదు. సీ భాషలో చాలాకాలం అలాగే ఉన్నారు. ప్రోగ్రామర్ తన చేత్తో ప్రోగ్రాములో 010 అని రాస్తే అది ఆక్టల్. ఫైల్లోంచి చదివిన 010ని మామూలుగా వాడే ఏటూఐ అనే ఫంక్షన్ పది అనే చదువుతుంది. రాసినవాడి మాట వేరు, వచ్చిన సరుకు వేరు. షెల్ కి ఆ తేడా లేదు. షెల్ లో అంతా అక్షరాల దండే. డేట్ కమాండు ఇచ్చిన 08 ఒక వేరియబుల్ లో కూర్చుంటే, లెక్క చేసే చోట షెల్ దాన్ని ప్రోగ్రామర్ తన చేత్తో రాసిన సంఖ్యలాగే చదువుతుంది. నా మటుకు అసలు తప్పు ఇక్కడే జరిగింది. థాంప్సన్ ది కాదు, గుమాస్తాదీ కాదు.

అది ఎప్పుడు జరిగిందంటే, మెల్లిగా. 1979లో ఏడో ఎడిషన్ యూనిక్స్ తో వచ్చిన స్టీవ్ బోర్న్ షెల్ కి లెక్కలు రావు. కూడిక కావాలంటే ఎక్స్ పర్ అని వేరే ప్రోగ్రాముని పిలవాలి. ఆ ఎక్స్ పర్ కి ఆక్టల్ గొడవ లేదు, 08కి 1 కలపమంటే 9 అంటుంది. కాకపోతే ప్రతి చిన్న లెక్కకీ కొత్త ప్రోగ్రాము లేవాలి కాబట్టి నెమ్మది. డేవిడ్ కార్న్ తన షెల్ ని 1983లో బయటపెట్టాడు, అందులో లెక్కలు లోపలే, సీ భాష ధోరణిలో. 1989లో బ్రయాన్ ఫాక్స్ బ్యాష్ తెచ్చాడు. 1992లో షెల్ కి పోసిక్స్ ప్రమాణం రాసినప్పుడు, లెక్కలో సంఖ్యల్ని సీ భాషలో లాగే చదవాలి, ముందు సున్న ఉంటే ఆక్టల్ అన్నారు. అంతటితో $((08)) అని రాస్తే తప్పైపోయింది. ఒకే బ్యాష్ లో కూడా అన్నిచోట్లా ఒక తీరు లేదు. ఒంటి చదరపు బ్రాకెట్లో 08, 8 సమానమా అని అడిగితే సమానమే అంటుంది. జంట బ్రాకెట్లో అదే అడిగితే మొరాయిస్తుంది.

ఎదురు చెప్పినవాళ్ళు లేకపోలేదు. 1990లో ప్రిన్స్టన్ యూనివర్సిటీ విద్యార్థి పాల్ ఫాల్స్టాడ్ జీ షెల్ రాశాడు. ఆ జీ షెల్ లో ముందు సున్నని ఆక్టల్ గా చూడడం మామూలుగా ఆపేసి ఉంటుంది, కావాలంటే మనమే తెరుచుకోవాలి. తేదీలూ గంటలూ చదివేటప్పుడు ఇబ్బంది వస్తుంది కాబట్టి అలా పెట్టామని దాని మాన్యువల్ లోనే చెప్పారు. ప్రిన్స్టన్ కూడా న్యూజెర్సీయే. రోగమూ మందూ ఒకే రాష్ట్రంలో. 2019 నుంచి యాపిల్ వాళ్ళ మ్యాక్ లో మొదట తెరుచుకునే షెల్ ఇదే. అందుకే మ్యాక్ మీద సరిగ్గా నడిచిన లెక్క లైనక్స్ సర్వర్ మీద ఆగస్టులో కూలబడడం ఇప్పటికీ జరుగుతుంది.

న్యూజెర్సీ మాట వచ్చింది గనక జిప్ కోడ్ ల సంగతి. అమెరికాలో 1963లో జిప్ కోడ్ లు వచ్చాయి. న్యూజెర్సీ కోడ్ లన్నీ సున్నతోనే మొదలవుతాయి. మర్రీ హిల్ దే 07974. మన తెలుగువాళ్ళు బోలెడంతమంది ఉన్న ఎడిసన్ 08820, 08837. మన దేశంలో 1972లో వచ్చిన పిన్ కోడ్ కి మొదటి అంకె సున్న ఉండదు, కాబట్టి చాలామందికి ఇది ఇక్కడికొచ్చాకే ఎదురైన వింత. (ఎస్టీడీ కోడ్ లకి ఉంది లెండి. హైదరాబాదు 040 షెల్ చేతిలో పడితే 32 అవుతుంది. విజయవాడ 0866, విశాఖ 0891 అసలు చెల్లవు.) ఇప్పుడు ఎడిసన్ 08820ని షెల్ లెక్కలో పెట్టండి. తప్పని అరుస్తుంది, మనం దిద్దుకుంటాం. జెర్సీ సిటీలో జర్నల్ స్క్వేర్ దగ్గర, ఇండియా స్క్వేర్ అని పిలుచుకునే న్యూవార్క్ అవెన్యూ ఉంది చూడండి, దాని కోడ్ 07306. అందులో 8, 9 లేవు. షెల్ అరవదు. నిశ్శబ్దంగా 3782 అని రాసుకుని ముందుకి పోతుంది.

పాత పద్ధతిని నేను మెచ్చుకోనన్నది ఇందుకే. తప్పని అరిచేది నిజానికి మనకి మేలే చేస్తోంది. అరవకుండా తప్పు చెప్పేదే ప్రమాదం. డేట్ కమాండు సంవత్సరంలో ఇది ఎన్నో రోజు అని కూడా చెబుతుంది, మూడంకెల్లో. జనవరి 10న 010, షెల్ కి అది 8. ఫిబ్రవరి 1న 032, షెల్ కి 26. మధ్యమధ్య 018, 029 లాంటివి వచ్చినప్పుడు కేకేస్తుంది, మిగతా రోజుల్లో ధీమాగా తప్పు చెబుతుంది. లీపు సంవత్సరం కాకపోతే ఏప్రిల్ 9 దాకా ఇదే వరస. ఏప్రిల్ 10న 100 వచ్చాక అంతా సర్దుకుంటుంది. ఇంచుమించు ఉగాది వెళ్ళాక వదిలే జ్వరం.

ఇంకో ఉదాహరణ మన ఇళ్ళకి దగ్గరది. పెళ్ళి ఫోటోలు 001 నుంచి 200 దాకా ఉన్నాయి. పేర్లు మార్చాలని, నంబరు తీసి, మళ్ళీ మూడంకెలకి సున్నలు నింపే ప్రింట్ ఎఫ్ కమాండుకి ఇస్తారు. ఇప్పటికే సున్న ఉన్న 010ని అది ఆక్టల్ గా చదివి 008 అని ఇస్తుంది. 008ని ఇస్తే చెల్లని ఆక్టల్ అని గొణిగి 000 చేతిలో పెడుతుంది. 009కీ 000యే. 011 పోయి 009 అవుతుంది. అలా ఒక ఫోటో పేరు ఇంకో ఫోటోకి వచ్చి దాని మీద కూర్చుంటుంది. పేరు మార్చే కమాండు మామూలుగా అడగదు కూడా, పాతదాన్ని తుడిచేస్తుంది. మాంగల్యధారణ ఫోటో ఏదని ఇంట్లో అడిగేదాకా తెలియదు.

వై టూ కే పేరు మీద ఈ దేశం వచ్చినవాళ్ళం మనలో చాలామందిమి ఉన్నాం. సంవత్సరాన్ని రెండంకెల్లో వాడొద్దని ఊరంతా చాటి చెప్పాం. అయినా 2000 తర్వాత కూడా రెండంకెల సంవత్సరంతో లెక్కలు చేసే స్క్రిప్టులు ఉండనే ఉన్నాయి. 00 నుంచి 07 దాకా రెండు లెక్కల్లోనూ ఒకటే విలువ. 2008 జనవరి 1న వాటికి 08 ఎదురైంది. 2010 వచ్చేసరికి ముందు సున్న పోయి మళ్ళీ మామూలు. ఈ తప్పు స్వభావమే అది. ఒకటి నుంచి ఏడు దాకా నమ్మకంగా పనిచేస్తుంది, రెండు మెట్ల మీద కూలుతుంది, పదికి లేచి నిలబడుతుంది. ప్రతి రోజూ పొద్దున ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య చచ్చి, పదింటికి బతికే స్క్రిప్టు ఉందంటే గంటల లెక్క చూడండి.

ఇతర భాషల వాళ్ళు మెల్లిగా ఆ గుర్తు వదిలించుకున్నారు. పాత బ్రౌజర్లలో జావాస్క్రిప్టు 08 అన్న అక్షరాలని సంఖ్య చెయ్యమంటే సున్న ఇచ్చేది, 2009 ప్రమాణంలో దిద్దారు. 2008లో వచ్చిన పైథాన్ 3లో ఆక్టల్ కి సున్న పక్కన ఓ అక్షరం పెట్టాలి, ఉత్తి 010 అని రాస్తే ఒప్పుకోదు. అయినా 2021లో ఇదే సున్న భద్రత సమస్యగా తేలింది. ఇంటర్నెట్ చిరునామా 010.0.0.1 అని వస్తే కొన్ని ప్రోగ్రాములు దాన్ని 10.0.0.1 అని, అంటే ఆఫీసు లోపలి మెషీన్ అని, చదివాయి. కొన్ని 8.0.0.1 అని, బయటి మెషీన్ అని చదివాయి. వాకిట్లో కాపలావాడు ఒకరనుకుని, లోపలివాడు ఇంకొకరనుకుంటే ఏమవుతుందో ఊహించుకోండి. నోడ్ వాళ్ళు వాడే నెట్ మాస్క్ ప్యాకేజీలోనూ, పైథాన్ సొంత లైబ్రరీలోనూ ఆ ఏడే దిద్దుబాట్లు వచ్చాయి.

మా కుర్రాడి దగ్గరికి వస్తాను. ఆ శనివారం రాత్రి అతను గెస్ట్ హౌస్ లో పాత ల్యాప్ టాప్ ముందు కూర్చుని చేత్తో ఒక్కో సంఖ్యా ఇచ్చి చూశాడు. 05 ఇస్తే 5. 07 ఇస్తే 7. 08 ఇస్తే తప్పు. 09 కూడా తప్పు. 10 ఇస్తే 10. అప్పుడు ఏం తోచిందో 010 ఇచ్చాడు. 8 వచ్చింది. కాలేజీలో సీ ల్యాబ్ గుర్తొచ్చిందన్నాడు. సోమవారం పొద్దున మేనేజరు ముందు అవే సంఖ్యలు అదే వరసలో కొట్టి చూపించాడు. మరి ఇన్నేళ్ళుగా ఎలా నడిచింది అన్నాడాయన. పాత మెషీన్ మీద ఉన్న కాపీ తీసి చూస్తే అందులో ఎక్స్ పర్ ఉంది. జనవరి చివర్లో లైనక్స్ కి మార్చినప్పుడు ఎవరో, తొందరగా నడుస్తుందని, షెల్ సొంత లెక్కగా మార్చారు. ఫిబ్రవరి నుంచి జులై దాకా ఆరు నెలలు, 02 నుంచి 07. మార్చినాయన పై అంతస్తులోనే ఉన్నాడు. ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు, అనాల్సింది కూడా ఏమీ లేదు. అక్టోబరు దాకా ఎవరూ ముట్టుకోకపోతే దానంతటదే బాగైపోయి, ఒక కుర్రాడు పోయాక స్క్రిప్టు కుదుటపడిందని అందరూ అనుకునేవారు.

దిద్దడానికి మూడు అక్షరాలు చాలాయి. సంఖ్యకి ముందు 10# అని పెట్టడం. పది, పక్కన హ్యాష్ గుర్తు, ఇక్కడి ఫోన్లలో పౌండ్ అంటారే అది. $((10#08)) అంటే ఎనిమిదే వస్తుంది. ఇది పదుల లెక్క సుమా అని షెల్ కి ముందే చెప్పడం. రాసుకునేవాళ్ళ కోసం రెండు జాగ్రత్తలు: వేరియబుల్ పేరు ముందు డాలరు గుర్తు మరిచిపోకండి, మైనస్ ఉంటే దాన్ని 10# బయట పెట్టండి. ఒకటి తీసేశాక 7 వస్తుంది, ఫైలు పేరుకి మళ్ళీ 07 కావాలంటే అప్పుడు ప్రింట్ ఎఫ్ తో సున్న చేర్చుకోవచ్చు. లెక్కకి ముందు సున్న తియ్యాలి, లెక్క అయ్యాక పెట్టాలి. లైనక్స్ మీదైతే డేట్ కమాండుకే శాతం గుర్తు తర్వాత చిన్న అడ్డగీత పెట్టి అడిగితే సున్న లేకుండానే ఇస్తుంది.

జులై మూట ఆ సోమవారమే కట్టేశారు. అయినా కుర్రాడికి మనసు కుదుటపడలేదు, ఇంకా 09 ఉంది కదా. సెప్టెంబరు 1 ఆ ఏడాది లేబర్ డే సెలవు. ముందు రోజు ఆదివారం రాత్రి అతను ఆఫీసుకెళ్ళి కూర్చున్నాడు. పన్నెండు దాటిన ఐదు నిమిషాలకి మా ఇంట్లో ఫోన్ మోగింది. మా ఆవిడ ఇండియా నుంచేమో అని కంగారుగా తీసి నాకిచ్చింది. "అన్నా, వచ్చింది. ఆగస్టు మూట వచ్చింది" అన్నాడు.